మెట్ల కింద మిగిలిన సామాను: ఏది దాచాలి, ఏది పంపించేయాలి?

ప్రశ్న: మాది కావలి. పదిహేనేళ్ళ కిందట కట్టిన ఇల్లు. ఈ వేసవిలో నేలకు కొత్త టైల్స్ వేయించి, రెండు బాత్‌రూమ్‌లు, వంటింటి కప్‌బోర్డులు కొత్తగా చేయించి, రంగులు వేయించాం. పని అయిపోయి నెల దాటింది. మిగిలిన సామాను మాత్రం మెట్ల కింద, వెనక వరండాలో అలాగే పడి ఉంది. హాలు టైల్స్ మూడు పెట్టెలు, విడిగా ఇంకో ఏడు. బాత్‌రూమ్ గోడ టైల్స్ అయిదు, కొన్ని సగం ముక్కలు. సిమెంటు నాలుగు బస్తాలు (ఒకటి విప్పేశారు), రంగు డబ్బాలు, టర్పెంటైన్, థిన్నర్, ప్లైవుడ్, సన్‌మైకా ముక్కలు, పైపులు, వైర్లు, అర ట్రాక్టరు ఇసుక, నల్లటి మీద బంగారు చుక్కలున్న గ్రానైట్ ముక్కలు రెండు. మా చిన్నబ్బాయి ఆ మెట్ల కిందే ఆడుకుంటాడు. మా మామయ్యగారు "ఒక్క మేకు కూడా బయటికి పోకూడదు, ఏదో ఒకరోజు పనికొస్తుంది" అంటారు. మా ఆయన "పాములు, తేళ్ళు చేరతాయి, అన్నీ పంపించేద్దాం, కావాలంటే హాలు టైల్స్ ఒక్కటీ ఉంచుదాం, బాత్‌రూమ్‌వి ఎటూ అయిదే కదా, పారేద్దాం" అంటారు. రోజూ ఇదే గొడవ. మధ్యలో నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, ముందు ఒక్క పని చేయండి. ఆ అయిదు బాత్‌రూమ్ టైల్స్‌ని, ఆ సగం ముక్కల్ని ఎవరూ బయట పడేయకుండా తీసి మంచం కింద పెట్టుకోండి. మీ ఇంట్లో మిగిలిన సామాను అంతటిలో విలువైనవి అవే. మీవారు పారేద్దామన్నది సరిగ్గా వాటినే కాబట్టి మొదట అదే చెబుతున్నాను.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నెల్లూరులో మా ఇంటి బాత్‌రూమ్ చేయించిన ఆరేళ్ళకు, దాని అవతలి గోడకు, పడకగదిలో బీరువా వెనక నిమ్ము కనిపించింది. వాన నీళ్ళేమో అనుకున్నాం. రోహిణి కార్తెలో కూడా ఆ గోడ ఆరలేదు, పైగా సున్నం పెచ్చులుగా లేచింది. ప్లంబర్ వచ్చి చూసి, గోడలోపల వేడినీళ్ళ పైపు జాయింటు దగ్గర కారుతోందని తేల్చాడు. పైపు బాగుచేయడానికి గంట పట్టింది. అందుకోసం నాలుగు టైల్స్ పగలగొట్టాల్సి వచ్చింది. ఆ నాలుగింటి కోసం మేం తిరిగింది నెలన్నర. లేత గంధం రంగు మీద సన్నటి గోధుమరంగు గీత, అంతే, ప్రత్యేకమైన డిజైనేమీ కాదు. కొన్న షాపులో అడిగితే అది రావడం ఆగిపోయి మూడేళ్ళయిందన్నారు. ఒక చోట రంగు దగ్గరగా ఉన్నది దొరికింది, తెచ్చి పెట్టి చూస్తే పక్కవాటికంటే పావు అంగుళం పెద్దది, గీతలు కలవలేదు. చివరికి తెల్లవి నాలుగు అతికించాం. ముందు పన్ను ఊడితే వేరే రంగు పన్ను కట్టించుకున్నట్టు, తలుపు తీయగానే ఇప్పటికీ అవే కనబడతాయి.

ఆ టైల్స్ మా దగ్గర మిగలక కాదు. పని అయిన రోజున ఎనిమిది మిగిలితే, వెనక బట్టలుతికే చోట పరిచేయమని మేస్త్రికి చెప్పింది నేనే. గోడకు వేసే టైల్స్ నేల మీద బరువుకు ఆగవు. ఏడాది తిరక్కుండా అన్నీ పగిలిపోయాయి.

హాలులో టైల్ పగలడం అరుదు. రోకలిబండో, గ్యాస్ బండో పడితే తప్ప పగలదు. ఒకవేళ పగిలినా పైన చాప పరుచుకోవచ్చు, సోఫా జరుపుకోవచ్చు. బాత్‌రూమ్ గోడ అలా కాదు. దాని వెనక చన్నీళ్ళ పైపు, వేడినీళ్ళ పైపు, గీజర్ కనెక్షన్, షవర్ మిక్సర్ ఉంటాయి. ఎప్పుడో ఒకప్పుడు వాటిలో ఏదో ఒకటి మొరాయిస్తుంది. అప్పుడు గోడ పగలగొట్టక తప్పదు. కాబట్టి ఈ వారంలోనే ఆ టైల్స్ కొన్న షాపుకు వెళ్ళి, అదే డిజైన్, అదే బ్యాచ్‌ది ఇంకొక పెట్టె ఉంటే కొనేయండి. మీకు ఒక డిజైన్ ముదురు రంగు, ఒకటి లేత రంగు, మధ్యలో పూలవి ఉంటే, మూడూ కనీసం మూడేసి చొప్పున చేతిలో ఉండాలి. నెల రోజులే అయింది కాబట్టి ఇంకా దొరికే అవకాశం ఉంది. వచ్చే ఏడాదికి ఉండకపోవచ్చు.

వెళ్ళేటప్పుడు పెట్టె మీది చీటీ తీసుకెళ్ళండి. మనకు వచ్చే టైల్స్‌లో చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. అక్కడ బట్టీలో ఒక్కో విడతకు రంగు కాస్త మారుతుంది, కొలత కూడా వెంట్రుకవాసి తేడా వస్తుంది. అందుకే డిజైన్ పేరుతో పాటు షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు పెట్టె మీద కొడతారు. పేరు ఒకటే అయినా షేడ్ నంబరు వేరయితే, మీ గోడ మీద పక్కపక్కన పెట్టినప్పుడు తేడా తెలిసిపోతుంది. షాపులో దీపాల కింద మాత్రం కనపడదు.

ఆ సగం ముక్కలు కూడా ఎందుకు ఉంచమన్నానంటే, మూలల్లో, గడప దగ్గర, గ్రిల్ కింద వేసేది ముక్కలే. అక్కడ పోతే నిండు టైల్‌ని కోసి పాడుచేసుకోనక్కర్లేదు. అయితే చెయ్యంత ఉన్నవి చాలు, నాలుగు వేళ్ళ పెంకుల్ని చెత్తలో వేసేయండి.

ఇక హాలువి. రెండడుగుల టైల్స్ పెట్టెకు సాధారణంగా నాలుగు వస్తాయి. మూడు పెట్టెలంటే పన్నెండు, విడిగా ఏడు, మొత్తం పందొమ్మిది. అన్ని అవసరం లేదు. విడిగా ఉన్న ఏడూ, ఒక పెట్టే ఉంచుకుంటే పదకొండవుతాయి, అవి చాలు. సీలు తీయని మిగతా రెండు పెట్టెల్ని బిల్లుతో సహా షాపుకు పట్టుకెళ్ళి అడగండి. కొందరు పూర్తి పెట్టెల్ని వెనక్కి తీసుకుంటారు, ఆలస్యమయ్యేకొద్దీ తీసుకోరు. ఆ రెండు పెట్టెల డబ్బుతో బాత్‌రూమ్‌వి ఒక పెట్టె తెచ్చుకోవచ్చు. మీవారికి ఈ లెక్క చెప్పండి, ఒప్పుకుంటారు.

దాచడం దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. అట్టపెట్టెలతో సహా మెట్ల కింద పేర్చేస్తారు. మన వైపు నేలలో చెదలకు ఆ అట్టకంటే ఇష్టమైనది లేదు. అట్టలో మొదలుపెట్టి పక్కనున్న తలుపు చట్రం దాకా పోతాయి. పెట్టె విప్పి, చీటీ ఉన్న ముక్క కత్తిరించి పాలిథిన్ కవర్లో వేసి, అట్ట పారేయండి. టైల్స్‌ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి గోడకు ఆనించండి. కింద రెండు చెక్క ముక్కలు వేయండి. నునుపు మొహాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా పెట్టి, మధ్యలో పల్చటి పాలిథిన్ పరిస్తే గీతలు పడవు. టైల్స్‌ని మాత్రం సజ్జ ఎక్కించొద్దు. రెండడుగుల టైల్స్ పెట్టె ఒక్కటే ముప్పై కిలోలకు దగ్గరగా ఉంటుంది. దించేటప్పుడు చెయ్యి జారితే టైల్ పోయినా పర్వాలేదు, కింద నిచ్చెన పట్టుకున్న మనిషి సంగతేంటి?

మా బంధువులది కోవూరు. 2021 నవంబరులో పెన్నా పొంగి అటువైపు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చినప్పుడు, వాళ్ళ మెట్ల కింద దాచినవన్నీ మునిగాయి. బురద దిగాక టైల్స్‌ని కడిగి ఆరబెట్టుకుంటే మళ్ళీ కొత్తవాటిలా ఉన్నాయి. పక్కనే పెట్టిన ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోయి పుస్తకంలా తెరుచుకుంది. వైరు చుట్టల చివర్లలో రాగి పచ్చగా చిలుము పట్టింది. దాంట్లో నేను గుర్తుపెట్టుకున్నది ఒకటే. నీళ్ళకు ఓర్చుకునేవి కింద, ఓర్చుకోలేనివి పైన. టైల్స్, గ్రానైట్, పైపులు మెట్ల కింద ఉండొచ్చు. వైర్లు, స్విచ్చులు, సన్‌మైకా, ప్లైవుడ్ సజ్జ మీదికి పోవాలి. మీకు సముద్రం దగ్గర, ఆశ్వయుజం, కార్తీకాల్లో వాయుగుండం వచ్చిందంటే నాలుగు రోజులు గోడలు చెమ్మ పీలుస్తాయి. ఈ సర్దుబాటు అంతకుముందే అయిపోవాలి.

సిమెంటు విషయంలో మీ మామయ్యగారిని ఒప్పించాల్సిందే. నాలుగు బస్తాలు చూస్తే ఎవరికైనా ప్రాణం ఒప్పదు, అర్థం చేసుకోగలను. కానీ అది నిలవుండే సరుకు కాదు. గాలిలో తేమ తగిలితే చాలు, బస్తాలోనే నెమ్మదిగా గట్టిపడిపోతుంది. జాగ్రత్తగా పెట్టినా మూడు నెలలకు దాని బలం సుమారు ఐదో వంతు తగ్గుతుందని ఇంజినీర్లు లెక్క చెబుతారు. ఉప్పుగాలి ఊళ్ళో ఇంకా తొందరగా పోతుంది. మా బేల్దారి మేస్త్రి ఒకటే మాట అనేవాడు: "సిమెంటేమన్నా ఊరగాయా అమ్మా, నిలవ బెట్టుకునేదానికి?" బస్తా మీద ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో అచ్చు వేసి ఉంటుంది, ఆ తేదీ మామయ్యగారికి చూపించండి. విప్పిన బస్తాలో చెయ్యి పెట్టి చూడమనండి. మంచి సిమెంటు చల్లగా తగులుతుంది, వేళ్ళ మధ్య నలిపితే పిండిలా ఉంటుంది. ఉండలు తగిలి, నలిపినా చితక్కపోతే అది అయిపోయినట్టే.

సీలుతో ఉన్న మూడు బస్తాలు ఈ నెలలోనే ఎవరికైనా ఇచ్చేయండి. మీ వీధిలో ఎవరో ఒకరు ఇల్లు కట్టుకుంటూనే ఉంటారు, సగం ధరకు అడిగినా ఇచ్చేయండి. విప్పినదాంతో ప్రహరీ గోడ నెర్రెలు, వెనక అరుగు, తులసికోట చుట్టూ బీటలు ఇప్పుడే పూడ్పించుకోండి. ఇసుక కూడా దానికి కొంత ఖర్చవుతుంది. రెండు మూడు గోతాల నిండా ఇసుక పట్టి మూతి కట్టి పక్కన పెడితే, రేపు చిన్న పనికి మేస్త్రి వచ్చినప్పుడు రెండు తట్టల ఇసుక కోసం ఆటో పంపించే పని తప్పుతుంది. మిగతాది మాత్రం వీధి పక్కన ఉంచొద్దు. మొదటి పెద్ద వానకు కాలవలోకి పోయి పూడుకుంటుంది, వీధంతా మీ మీద పడుతుంది. వాల్ పుట్టీ, టైల్స్ మధ్య పెట్టే గ్రౌట్, టైల్ అతికించే గమ్ము పొడి కూడా సిమెంటు జాతివే, విప్పినవి నిలవుండవు. గ్రౌట్ రంగు నంబరు మాత్రం రాసి పెట్టుకోండి. రేపు నాలుగు టైల్స్ మార్చినప్పుడు టైల్ కలిసినా, మధ్య గీత రంగు కలవకపోతే అతుకు అతుకులాగే ఉంటుంది.

రంగు డబ్బాల విషయం కొంచెం ఓపికగా చేయాలి. ఇరవై లీటర్ల బకెట్లో అడుగున రెండు లీటర్లు మిగిలితే, పైనంతా గాలే. ఆ గాలికే రంగు మీద మీగడ కడుతుంది, కుళ్ళిన వాసన వస్తుంది. గోడ రంగుని పాత చీర ముక్కలో వడకట్టి, నిండుగా పట్టేలా చిన్న ప్లాస్టిక్ డబ్బాలోనో గాజు సీసాలోనో పోయండి. గదికి ఒక లీటరు చాలు. మూతి మీద పాలిథిన్ కాగితం వేసి, ఆ పైన మూత బిగించండి. డబ్బా వంటింట్లో మాత్రం పెట్టొద్దు. తెల్లరంగు సీసాను పిల్లలు పెరుగనుకోవచ్చు. పైన పెద్దక్షరాలతో ఏ గది, ఏ గోడ, ఏ నెల అని మార్కరుతో రాయండి. ఇలా పెట్టింది నీడలో ఉంటే ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే బాగుంటుంది. ఎండ తగిలే మిద్దె గదిలో పెడితే వేసవి దాటదు. ఎప్పుడు తీసినా వాసన చూడండి. పుల్లగా కుళ్ళిన కంపు కొడితే గోడకు వేయొద్దు, ఆరాక కూడా ఆ వాసన గదిలో ఉండిపోతుంది.

రంగు కంటే దాని నంబరు ముఖ్యం. షాపువాళ్ళు మెషిన్‌లో కలిపిచ్చినప్పుడు మూత మీద ఒక చీటీ అంటిస్తారు. కంపెనీ, రకం, షేడ్ నంబరు, బేస్ అన్నీ దాని మీద ఉంటాయి. అది ఫోటో తీసుకుంటే ఎప్పుడైనా మళ్ళీ లీటరు కలిపించుకోవచ్చు. ఇంకొక్కటి. రెండేళ్ళయ్యాక పాత డబ్బాలోని రంగే తీసి మరక మీద పూసినా మచ్చలాగే కనిపిస్తుంది, ఎందుకంటే ఈలోగా గోడ వెలిసి ఉంటుంది. ఏడాది లోపలైతే చిన్న బ్రష్షుతో మరక మీద అద్దండి. ఆ తర్వాతైతే ఒక మూల నుంచి ఇంకో మూల వరకు ఆ గోడ మొత్తం వేసేయడమే మేలు.

టర్పెంటైన్, థిన్నర్ గురించి మీరు ఒక్క మాటలో రాసి వదిలేశారు కానీ, నాకు అన్నిటికంటే భయం వాటి గురించే. మెట్ల కింద మీటరు బోర్డు, మోటారు స్విచ్చు ఉండే ఇళ్ళు మన దగ్గర ఎన్నో. టర్పెంటైన్, థిన్నర్ ఆవిరి అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాస్ బండ దగ్గరా, పూజగది దగ్గరా, మెట్ల కిందా ఎక్కడా ఉంచొద్దు. పెయింటర్‌ని పిలిచి ఇచ్చేయండి, సంతోషంగా పట్టుకెళ్తాడు. వార్నిషు తుడిచిన నూనెగుడ్డల్ని ముద్దచేసి మూలన పడేసి ఉంటే ఇవాళే తీయించి, బయట విడివిడిగా ఆరేసి, తర్వాత పారేయించండి. అలాంటి గుడ్డలు కొన్ని వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. సన్‌మైకా ముక్కలు చెయ్యి వెడల్పున్నవి అన్నీ ఉంచండి, కప్‌బోర్డు అంచు లేచినప్పుడు అవే దిక్కు. వాటిని నిలబెట్టకుండా పరుపు కింద పరిచినట్టు బల్లపరుపుగా పెట్టండి. ప్లైవుడ్‌లో అడుగు పైన ఉన్నవి రెండు మూడు చాలు, మిగతావి వడ్రంగికి ఇచ్చేయండి. పైపులు ఎండలో పడేస్తే పెళుసెక్కిపోతాయి, నీడలో ఉంచండి. అడుగు, రెండడుగుల ముక్కలు, కొత్త ఎల్బోలు, కప్లింగులు ఒక డబ్బాలో వేయండి. పైపులు అతికించే గమ్ము విప్పాక ఎక్కువ కాలం ఉండదు, దాన్ని దాచొద్దు. స్విచ్చులు ఏ కంపెనీ, ఏ మోడల్ వేశారో అదే రకంవి రెండు స్విచ్చులు, ఒక సాకెట్ ఇప్పుడే కొని పెట్టుకోండి. మోడళ్ళు మారిపోతే ఒక్క స్విచ్చు కోసం ప్లేటు మొత్తం మార్చాల్సి వస్తుంది. కుళాయిలవీ అంతే, ఏ మోడలో రాసుకుంటే లోపలి కాట్రిడ్జి సరిపోయేది తెచ్చుకోవచ్చు.

మీ మామయ్యగారికి ఒక పని అప్పజెప్పండి. మిగిలినవాటి మీద అంత ప్రాణం పెట్టే మనిషి ఇంట్లో ఉండటం మీ అదృష్టం. ఒక నోటుబుక్ ఇచ్చి, ప్రతి గదికి ఒక పేజీ పెట్టమనండి. టైల్ పేరు, షేడ్ నంబరు, రంగు నంబరు, గ్రౌట్ రంగు, సన్‌మైకా నంబరు, షాపు పేరు, బిల్లు తేదీ ఆయన చేత్తో రాయించండి. ప్లంబర్ ఇంకా పిలిస్తే పలుకుతున్నాడు కాబట్టి ఒక పూట రప్పించి, బాత్‌రూమ్ గోడల్లో పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో నేల నుంచి ఎన్ని అడుగులు, మూల నుంచి ఎన్ని అడుగులు అని చెప్పించి, ఆ బుక్కులోనే బొమ్మ గీయించండి. రేపు అద్దానికి మేకు కొట్టాలన్నా, ఎక్కడ కొట్టకూడదో ఆ పేజీ చెబుతుంది. మా ఇంట్లో ఆ బొమ్మ ఉండుంటే నాలుగు టైల్స్ బదులు ఒకటి పగలగొడితే సరిపోయేది. బుక్కుని బీరువాలో పెట్టండి, ప్రతి పేజీకి ఫోన్‌లో ఫోటో తీసి మీవారికి కూడా పంపండి.

గ్రానైట్ ముక్కలు నల్లవి, బంగారు చుక్కలున్నవి అని రాశారు. అంటే చీమకుర్తి రాయే అయ్యుంటుంది. ఒక ముక్కను గ్యాస్ బండ కింద పీటలా కోయించి, అంచులు నున్నగా చేయించుకోండి. మీ వంటింటి గట్టు కూడా ఆ రాయే అయితే రెండో ముక్కను ఉంచండి, సింకు పక్కన ఎప్పుడైనా అతుకు పడితే పనికొస్తుంది. దాన్ని గోడకు నిలబెట్టేటప్పుడు కింద చెక్క పెట్టి బాగా వాలుగా ఆనించి, తాడుతో కిటికీ ఊచకు కట్టేయండి. మీ చిన్నబ్బాయి ఆ మెట్ల కిందే ఆడుకుంటాడని రాశారుగా, కాబట్టి ఆ తాడు కట్టడం ఇవాళ సాయంత్రమే కానివ్వండి.